ఎర్ర చుక్క పెట్టిన గ్లాసు

గార్డమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను పప్పులోకి పోపు వేస్తున్నాను. చేసింది పాత రైల్వే కాలనీలో మా పక్క వరసలో ఉండిన ఆవిడ. "పదకొండో రోజుకి తప్పకుండా రావాలి. మీ అమ్మని కూడా తీసుకురా. అందరం కూర్చుని ఆవిడ గురించి రెండు మంచి మాటలు చెప్పుకుందాం" అంది. అబద్ధమెందుకు, నాకు ఏడుపు రాలేదు. స్టవ్ కట్టేసి, స్టూలెక్కి, అటక మీది అట్టపెట్టె దింపి, అందులో స్టీలు గ్లాసు ఉందో లేదో చూసుకున్నాను. ఉంది. దాని మీద ఎర్ర చుక్క కూడా చెక్కుచెదరకుండా ఉంది. రెండు మంచి మాటలు మీరు చెప్పుకోండి, నేను ఈ గ్లాసు పట్టుకొస్తాను అనుకున్నాను.

చచ్చినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు. బతికున్నప్పుడు నోరు పెగలనివాళ్ళు పెట్టుకున్న నియమం అది. నాకు అప్పుడూ పెగల్లేదు. అందుకే ఇప్పుడు ఆగదలుచుకోలేదు.

ఆవిడ అసలు పేరు మాలో సగం మందికి తెలియదు. భర్త గూడ్సు బండికి గార్డు. అందుకని ఆవిడ గార్డమ్మ. రాయపూర్ రైల్వే కాలనీలో ఉన్న తెలుగు కుటుంబాలన్నీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉద్యోగాలకొచ్చినవే. గార్డనేవాడు బండికి చివర ఉంటాడు. మా గార్డమ్మ మాత్రం కాలనీలో ప్రతిదానికీ ముందుండేది. వినాయకుడి పందిరి ఎక్కడ వెయ్యాలో, పులిహోరలో ఇంగువ ఎంత పడాలో, ఎవరి పిల్లకి జడ ఎంత పొడుగుండాలో ఆవిడే చెప్పాలి. మా అమ్మ ఆవిడని అక్కా అని పిలిచేది కాబట్టి నాకు పెద్దమ్మ అయింది. ఆ వరస తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పొట్టి మనిషి. కొంగు చివర ఎప్పుడూ నాలుగు యాలక్కాయలు ముడేసుకుని ఉండేది. ఆవిడ గొప్పంతా దగ్గు వినడంలో ఉంది. ఎక్కడైనా ఎవరైనా దగ్గితే చాలు, మాట మధ్యలో ఆపి చూపుడువేలు పైకెత్తేది. అందరూ నోరు మూసుకోవాలి. కుడి చెవి అటు తిప్పి, కళ్ళు మూసుకుని, "ఇంకోపాలి దగ్గు" అనేది. దగ్గినవాడు మళ్ళీ దగ్గేవాడు, రాకపోయినా సరే. అప్పుడు తీర్పు వచ్చేది. "ఇది పొడి దగ్గు." "ఇది దుమ్ము దగ్గు." "ఇది బడి ఎగ్గొట్టే దగ్గు, రెండు తగిలించి పంపించు." నిజం చెప్పుకోవాలి, చాలాసార్లు సరిగ్గానే చెప్పేది. వచ్చిన చిక్కంతా అక్కడే. పదిసార్లు సరిగ్గా చెప్పిన మనిషి పదకొండోసారి తప్పు చెబితే కాదనేవాడు ఉండడు.

"మనుషులు అబద్ధం సెప్తారు గానీ దగ్గు సెప్పదు" అనేది.

తీర్పు తరవాత మందు. మందంటే మిరియాల చారే. చింతపండు చిక్కగా పిసికి, మిరియాలు, వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచి వేసి, పొగలు కక్కుతుండగా క్యారేజీలో పట్టుకొచ్చేది. గ్లాసులో పోసి ఎదురుగా నిలబడేది. తాగడం అయ్యాక గ్లాసు ఆవిడే అందుకుని తిరగేసి చూసేది, ఏమైనా మిగిలిందేమోనని. మిగిలితే మళ్ళీ నోటికి అందించేది.

ఇక మా అమ్మ. ఆరో క్లాసు చదివింది. పెళ్ళయి ఈ ఊరొచ్చి పాతికేళ్ళయినా హిందీ నాలుగు ముక్కలు దాటి రాలేదు. పండరీ బజారుకి బట్టలు కొనడానికెళ్ళాలన్నా పక్కన ఒకరుండాలి. అమ్మకి వచ్చింది ఒక్కటే, పాట. శనివారం సాయంత్రాలు కాలనీ గుడిలో తెలుగు ఆడవాళ్ళంతా భజన చేసేవారు. చివర హారతి పాట అమ్మది. వాళ్ళ నాయనమ్మ నేర్పిన పాట అది. అమ్మ ఎత్తుకుంటే పక్క క్వార్టర్ల ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు కూడా, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవారు. మర్నాడు కుళాయి దగ్గర "కల్ బహుత్ అచ్ఛా గాయీ దీదీ" అని పాటని మెచ్చుకునేవారు. అమ్మ బిందె పక్కకి పెట్టి, పైట సర్దుకుని నవ్వేది. వారమంతా ఆ నవ్వుతోనే గడిచిపోయేది అమ్మకి.

ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రమైన మూడు నాలుగేళ్ళకనుకుంటాను, ఒక శనివారం హారతి రెండో చరణంలో అమ్మకి దగ్గొచ్చింది. ఆగి, మింగి, మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ దగ్గు. పళ్ళెంలో కర్పూరం వెలుగుతూనే ఉంది. గార్డమ్మ వేలు పైకి లేచింది. దేవుడి ముందు, హారతి మధ్యలో! ఆ వేలు నేను చచ్చినా మర్చిపోను.

మర్నాటి నుంచి చారు మొదలైంది. పొద్దునొక గ్లాసు, సాయంత్రమొక గ్లాసు. దగ్గు తగ్గలేదు. తగ్గలేదని మిరియాలు పెంచింది. మిరియాలు పెరిగేకొద్దీ దగ్గు పెరిగింది. దగ్గు పెరిగిందని చింతపండు పెంచింది. ఆరు నెలలు ఇదే వరస. అమ్మ గొంతు పొద్దున లేచేసరికి బొంగురుపోయేది. పడుకుంటే దగ్గు, లేచి కూర్చుంటే కాస్త నయం. ఎందుకో మాకెవరికీ తట్టలేదు. నాన్న వ్యాగన్ రిపేరు షాపులో రెండో షిఫ్టు చేసి పదిన్నరకి ఇంటికొచ్చేవాడు. ఆయన తినందే అమ్మ ముద్ద ముట్టదు. ఆయన తిన్నాక తను తిని, అంట్లు తోమి, పొద్దున్నే నాలుగింటికి కుళాయి వస్తుందని వెంటనే నడుం వాల్చేది. మా తెలుగిళ్ళలో ఏ ఆడమనిషి అలా చెయ్యదు గనక! అందరూ అంతే. అందుకే ఎవరికీ అది తప్పుగా కనిపించలేదు.

ఆరు నెలలయ్యాక గార్డమ్మ తీర్పు మార్చింది. "ఇది మామూలు దగ్గు కాదు. క్షయ" అంది. అమ్మతో కాదు, మిగతా అందరితో. చారు మాత్రం మానిపించలేదు. నాన్న ఆస్పత్రికి తీసుకెళ్ళి కళ్ళె పరీక్ష చేయించాడు, ఎక్స్‌రే తీయించాడు. రెండింట్లోనూ ఏమీ లేదు. ఆ కాగితాలు చూపిస్తే గార్డమ్మ నవ్వింది. "ఎక్స్‌రేలో పడనేదంటే లోపల దాక్కుందన్నమాట. ఆ జబ్బు గుణమే అది."

ఆ శనివారం భజనయ్యాక పానకం పోస్తున్నారు. ఆవిడ ఇంటి గ్లాసులే, అన్నిటి మీదా మొగుడి పేరు చెక్కించినవి. అమ్మ వంతు వచ్చేసరికి సంచీలోంచి ఇంకో గ్లాసు తీసింది. దాని మీద ఆ పేరు పక్కనే గోళ్ళరంగుతో గుండ్రంగా ఎర్ర చుక్క. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "నీ మంచికే అమ్మా. ఈ గ్లాసు నీకే ఉంచేసుకో. ఎవరింటికెళ్ళినా దీన్నే పట్టుకెళ్ళు. పిల్లలు తిరిగే ఇళ్ళు కదా" అంది. హారతి పళ్ళెం కూడా జరిపేసింది. "దేవుడి దీపానికి ఆ ఊపిరి తగలకూడదు. కొన్నాళ్ళు నేను పాడతానులే."

అక్కడ పదిహేనుగురికి తక్కువ లేరు. మా అమ్మ చేతి కాఫీ తాగనిది అందులో ఒక్కర్తె లేదు. ఒక్కర్తె నోరిప్పలేదు. నేను కాలేజీ మొదటి సంవత్సరంలో ఉన్నాను, నేనూ ఇప్పలేదు. అమ్మ ఆ గ్లాసులో పానకం మొత్తం తాగి, కడిగి, తన సంచీలో పెట్టుకుంది. ఇంటికొచ్చాక దాన్ని డ్రైనేజీలోకి గిరాటేద్దామని ఎత్తాను.

"పారీకే. దాచు" అంది అమ్మ.

అంతే. ఏడవలేదు. ఆ రోజు నుంచి రెండేళ్ళు మా అమ్మ పేరంటానికెళ్ళినా, బారసాలకెళ్ళినా సంచీలో ఆ గ్లాసుతోనే వెళ్ళింది. గుడిలో గార్డమ్మ హారతి పాడింది. ఆ పాడటం గురించి నేను చెప్పను. కర్పూరం తొందరగా ఆరిపోతే బాగుండునని దణ్ణం పెట్టుకునేదాన్ని, అది మాత్రం చెబుతాను.

రెండేళ్ళకి నాతో చదివే అమ్మాయి చెబితే తెలీబంధా చెరువు దగ్గర ఒక డాక్టరుకి చూపించాం. ముసలాయన. గొట్టం పెట్టకుండా ముందు కబుర్లు మొదలెట్టాడు. రాత్రి ఎన్నింటికి తింటావు, తిన్నాక ఎంతసేపటికి పడుకుంటావు, నోట్లోకి పుల్లనీళ్ళు వస్తాయా, పొద్దున గొంతు ఎలా ఉంటుంది. నేను అడిగి, అమ్మ చెప్పింది హిందీలో చెప్పాను. ఆయన తన పొట్ట మీద వేలు పెట్టి, గొంతు దాకా పైకి గీశాడు. జబ్బు ఊపిరితిత్తుల్లో లేదట. కడుపులో పులుపు, పడుకోగానే గొంతులోకి ఎగదన్నుతోందట. దానికి గొంతు ఒరుసుకుపోయి దగ్గు వస్తోందట. ఏడింటికల్లా తినెయ్యాలి, తిన్నాక మూడు గంటలు నడుం వాల్చకూడదు, పులుపూ కారం తగ్గించాలి, మంచం తలవైపు కోళ్ళ కింద చెరో ఇటుక పెట్టి ఎత్తు చెయ్యాలి, కొన్నాళ్ళు మాత్రలు వేసుకోవాలి.

"మిరియాల చారు తాగొచ్చేటో అడుగే" అంది అమ్మ. అడిగాను. అదేమిటో వివరించి మరీ అడిగాను. ఆయన పడీ పడీ నవ్వాడు. "అరే బేటీ, వహీ తో దుష్మన్ హై!" అన్నాడు. అసలు శత్రువు అదేనట.

నాకు నవ్వు రాలేదు. రెండున్నరేళ్ళు, రోజుకి రెండు గ్లాసులు.

నాన్న మూతి ముడుచుకుని ఒక్కడే తినడం నేర్చుకున్నాడు. రెండు నెలల్లో అమ్మ దగ్గు పోయింది. మందుచీటీ పట్టుకుని అమ్మ తనే గార్డమ్మ దగ్గరికెళ్ళింది. నేనూ వెళ్ళాను. గార్డమ్మ అంతా విని, "పొట్టకీ దగ్గుకీ ఏటమ్మా సంబంధం? వంటింట్లో పాలు పొంగితే పడగ్గదిలో పక్క తడుస్తాదేటి?" అంది. తగ్గితే మంచిదేనంది. తన చారు గుణమే ఇప్పటికి పట్టిందంది. "ఇక హారతంటావా, ఇప్పుడెందుకులే. అందరికీ నా పాట అలవాటైపోనాది."

అమ్మ ఇంటికొచ్చి చీటీ మడిచి దేవుడి పటం వెనక పెట్టింది. మళ్ళీ భజనకి వెళ్ళలేదు. ఇంట్లో కూడా పాడలేదు. అంట్లు తోముతూ కూనిరాగం తీసే మనిషి అది కూడా మానేసింది. జబ్బు నయమైంది, పాట పోయింది. గార్డమ్మ మీద నా కోపం చారు గురించి కాదు. తెలియక చేసిన వైద్యానికి ఎవరిని తిడతాం? తెలిశాక కూడా ఆ చుక్క చెరపలేదే, దాని గురించి.

తరవాత నాన్న రిటైరయ్యాడు, ఇల్లు కట్టాడు, ఆ ఇంట్లో ఎక్కువకాలం ఉండకుండానే పోయాడు. అమ్మ నా దగ్గరికొచ్చింది. గార్డమ్మ కొడుకు దగ్గరికి మారింది, ఊళ్ళోనే. హారతి పళ్ళెం మాత్రం వదల్లేదు.

ఒక వినాయక చవితి ముందు పండరీలో చీరల కొట్లో కనిపించింది. పలకరించబోతూ దగ్గింది. నేను వేలెత్తలేదు గానీ చెవి అటు పెట్టాను. పొడిగా, గొంతు గీరుతూ, మధ్యలో ఒక మింగుడు. ఆ దగ్గు నాకు కొత్తా? రెండున్నరేళ్ళు గోడ అవతల పడుకుని విన్న దగ్గది.

"రాత్రి ఎన్నింటికి తింటున్నావు పెద్దమ్మా?"

"సీరియళ్ళయ్యాక. పదవుతాది."

"తిన్నాక?"

"తిన్నాక ఏటుంది, ఆరామ్‌గా పడుకుంటాను. ముసిల్దాన్ని, ఇంకేటి సేస్తాను?"

నా గుండె దడదడ కొట్టుకుంది, సంతోషంతో. "మిరియాల చారు తాగు పెద్దమ్మా. పులుపు బాగా తగలాలి. నేను పంపిస్తాలే" అన్నాను. "మా తల్లే, ఎంత బుద్ధిమంతురాలివే" అని నా గడ్డం పట్టుకుంది.

పంపించాను. వారానికి మూడుసార్లు, నాలుగు నెలలు. ఆవిడ చేసినట్టే, చింతపండు చిక్కగా పిసికి. తప్పని తెలుసు. తెలిసే చేశాను. ఒకసారి నేనే స్వయంగా పట్టుకెళ్ళి, ఎదురుగా నిలబడి తాగించి, గ్లాసు తిరగేసి చూశాను. ఒక శనివారం హారతిలో గొంతు పట్టేసి ఆవిడ చరణం పూర్తి చెయ్యలేకపోయిందని, ఆడవాళ్ళు మెల్లిగా పళ్ళెం అందుకుని వెనక కుర్చీలో కూర్చోబెట్టారని తెలిసింది. ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

అమ్మకి క్యారేజీ దగ్గర దొరికిపోయాను. "ఎవరికే ఈ చారు?" అంది. చెప్పాను, గర్వంగానే. మెచ్చుకుంటుందనుకున్నాను. అమ్మ క్యారేజీ మూత తీసి వాసన చూసి, మళ్ళీ పెట్టేసి వెళ్ళిపోయింది.

రెండు రోజులు పోయాక నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ ఇంట్లో లేదు. నాన్న కట్టిన ఇంటి కోసం అభన్‌పూర్ వైపు బట్టీల నుంచి తెప్పించిన ఇటుకలు కొన్ని మిగిలితే, అమ్మ వాటిని తనతోపాటు నా ఇంటికి తెచ్చి మొక్కల చుట్టూ పేర్చుకుంది. వాటిలో రెండు లేవు. సాయంత్రం ఆటో దిగింది. ఖాళీ గుడ్డసంచీ మడిచి చంకలో పెట్టుకుని ఉంది.

"ఎక్కడికెళ్ళావు?"

"అక్క కాడికి. ఇటుకలిచ్చి, ఎప్పుడు తినాలో, ఎలగ పడుకోవాలో సెప్పొచ్చాను. నువ్వింక చారు పంపకు."

నాకు పిచ్చికోపం వచ్చింది. "నీకు సిగ్గు లేదా అమ్మా?" అని అరిచాను.

"ఉంది. అందుకే ఎల్లొచ్చాను" అంది. కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది. ఆ కోపం మీదే, నా గోళ్ళరంగు సీసా మూత పెట్టకుండా ఎండగొట్టిందని నా కూతుర్ని కూడా నాలుగు తిట్టాను. అది నేను కాదని మొత్తుకుంది, నేను వినలేదు.

గార్డమ్మకి నయమైంది. నయమైన మనిషి ఊరుకుంటుందా? ఊరంతా ఇటుకల వైద్యం మొదలెట్టింది. "తలవైపు కోళ్ళ కింద చెరో ఇటుక ఎట్టు. పెందరాళే తిను. ఇది నా అనుభవం మీద కనిపెట్టింది." ఎవరు దగ్గినా ఇప్పుడు చారు కాదు, ఇటుకలు. మా అమ్మ పేరు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆవిడ నోట రాలేదు. తొమ్మిదేళ్ళు. నేను వింటూ పళ్ళు కొరుక్కున్నాను, అమ్మ వింటూ మొక్కలకి నీళ్ళు పోసుకుంది.

పదకొండో రోజుకి వెళ్ళాం. భోజనాలయ్యాక పాత కాలనీవాళ్ళు హాల్లో కూర్చున్నారు. నేననుకున్నంతా అయింది. "ఆవిడ చెప్పబట్టి ఇటుకలు పెట్టుకున్నాను, నా దగ్గు మాయం" అని ఒకావిడ. "డాక్టర్లకి తట్టనిది ఆవిడకి తట్టింది" అని ఇంకొకావిడ. పానకం రోజున నోరు మూసుకు కూర్చున్నవాళ్ళే ఇద్దరూ. ఫోన్ చేసినావిడ నా వైపు తిరిగి, "నువ్వు కూడా చెప్పమ్మా" అంది. హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టి గ్లాసు పట్టుకున్నాను. అది ఫోటో ముందు పెట్టి, ఈ చుక్క సంగతి మీలో ఎవరు చెబుతారు అని అడగాలి. మొదటి మాట కూడా నోట్లోకి వచ్చేసింది.

సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి ఆవిడ మంచం బయటికి తెస్తున్నారు. పోయిన మనిషి పడుకున్న మంచం ఇంట్లో ఉంచకూడదని ఎవరికో ఇచ్చేస్తున్నారు. మంచం లేచింది. నేల మీద రెండు ఇటుకలు మిగిలాయి. తలుపు తీసే ఉంది, నాకు ఎదురుగా కనిపిస్తున్నాయి. రెండు ఇటుకల మీదా, ముందు వైపు, గోళ్ళరంగుతో గుండ్రంగా ఎర్ర చుక్క.

గ్లాసు నా చేతిలోంచి బ్యాగులోకి జారిపోయింది.

"ఈ చుక్కలేంటో మాకు తెలీదండీ" అంటోంది గార్డమ్మ కోడలు. "తుడిచేస్తానంటే అత్తయ్య ముట్టుకోనిచ్చేది కాదు. ఇల్లు మారినప్పుడు కూడా ఇవే కావాలన్నారు. రోజూ పడుకునే ముందు ఒంగి, చుక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకునేవారు."

అమ్మ లేచి లోపలికెళ్ళింది. వంగి రెండు ఇటుకలూ తీసి, పైట చెంగుతో దుమ్ము దులిపి, "మాయేనమ్మా. అట్టుకెళ్తాం" అంది. ఫోన్ చేసినావిడ ఇటుకల వైపు చూసి, అమ్మ వైపు చూసి, తల దించుకుంది. ఆవిడకి పానకం రోజు గుర్తొచ్చిందని నాకు తెలిసిపోయింది.

ఆటోలో అమ్మ ఒళ్ళో ఇటుకలు పెట్టుకుని కూర్చుంది.

"నా గోళ్ళరంగు నువ్వు తీశావా?"

"ఊఁ."

"ఏం చెప్పి ఇచ్చావే అమ్మా?"

"సుక్క బయటికి కనపడేలాగ ఎట్టుకో అక్కా, నేపోతే గుణమివ్వదు అన్నాను."

"ఆవిడకి అర్థమైందా?"

"మొకం సూసేను కదా. అర్థమైంది. అయినా ఎట్టుకోక ఏటి సేస్తాది, దగ్గు తగ్గాలి కదా." అమ్మ ఇటుకల్ని కొంచెం దగ్గరికి లాక్కుంది. "నా గ్లాసుకి ఆవిడ ఒకటెట్టింది. నాను రెండెట్టాను. తొమ్మిదేళ్ళు వాటి మీదే తలెట్టుకుని పడుకుంది. నువ్వు సంచీలో గ్లాసెట్టుకుని ఎల్తే నాకు తెల్దనుకున్నావేటి?"

నాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఆటోవాడు అద్దంలో చూశాడు, చావింటి నుంచి వస్తూ ఈ నవ్వేమిటని. అమ్మ నవ్వలేదు. తెలీబంధా చెరువు దాటుతుండగా, బయటికి చూస్తూ, చాలా సన్నగా హారతి పాట ఎత్తుకుంది. ఇన్నేళ్ళ తరవాత. మొదటి చరణం అయింది. రెండో చరణం మధ్యలో ఆగిపోయింది. నేను చెవి అటు పెట్టాను.

దగ్గు కాదు. మాట మర్చిపోయింది. నేను అందించాను.